తమ్ముడు కంగల్ కావాలన్నాడు

పేరేచర్ల దాటాక సత్తెనపల్లి రోడ్డు నుంచి కొంచెం లోపలికి మా తమ్ముడికి రెండెకరాల చెక్క ఉంది. అందులో గొర్రెల షెడ్డు వేశాడు. ఎక్కువ నెల్లూరు జుడిపి గొర్రెలు, కొన్ని మేకలు. పెట్టుబడిలో సగం నాది కాబట్టి షెడ్డులో ఏ గొర్రె దగ్గినా గుంటూరులో నా ఫోన్ మోగుతుంది. సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఫోన్ మాత్రం దగ్గుకి కాదు. వీధికుక్కల గుంపు చైన్ లింక్ ఫెన్సింగ్ కింద మట్టి తవ్వుకుని రాత్రి గొర్రెపిల్లల దొడ్లోకి దూరింది. తిన్నది తక్కువ, చంపి పడేసింది ఎక్కువ. ఊరకుక్కలు గుంపు కడితే అంతే. గొర్రెపిల్ల బెదిరి పరిగెత్తే కొద్దీ వాటికి ఊపొస్తుంది, ఆకలితో పని లేదు.

వారం తిరక్కుండా తమ్ముడు తేల్చేశాడు. "అక్కా, కంగల్ తెద్దాం. టర్కీ కుక్క. తోడేలునే నిలబెట్టేస్తుంది, మన ఊరకుక్కలెంత?" వాడి ఫోన్ నిండా అవే రీల్స్. మేకు ముళ్ళ పట్టీ మెడకేసుకుని మంచులో నిలబడిన కుక్కలు, వెనకాల డప్పుల మ్యూజిక్. పిల్ల ఖరీదు లక్ష పైన చెప్పాడు. సగం నేనివ్వాలి.

ఇవ్వనని నేను అనలేదు. వేసవి దాటనివ్వు, ఈలోగా అదేమిటో, ఎలా బతుకుతుందో తెలుసుకుని చెప్తానన్నాను. "బ్యాంకులో లోన్ ఫైల్ చూసినట్టు కుక్కని చూస్తావా?" అన్నాడు. చూస్తానన్నాను. నా ఉద్యోగమే అది మరి.

ముందు చదవడం మొదలుపెట్టాను. మన వైపు కాపలా కుక్క అనగానే జర్మన్ షెపర్డో డాబర్‌మనో గుర్తొస్తాయి. అవి మనిషి మొహంలోకి చూసి పని చేసే కుక్కలు. మనం ఆగమంటే ఆగుతాయి, పట్టమంటే పడతాయి. కంగల్, అక్బాష్, కకేసియన్ షెపర్డ్, సెంట్రల్ ఏషియన్ షెపర్డ్, మన హిమాలయాల భోటియా, కశ్మీరు బకర్వాల్ కుక్క, ఇవన్నీ ఇంకో కోవ. వీటిని మందతో పాటు వదిలేస్తారు. కాపరి ఒక గట్టు మీద ఉంటాడు, మంద ఇంకో లోయలో ఉంటుంది, చీకట్లో తోడేలు ఎటు నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. పక్కన నిలబడి హుకుం ఇచ్చేవాడు ఉండడు. కాబట్టి తనంతట తాను నిర్ణయం తీసుకునే కుక్కనే కాపరులు తరతరాలుగా ఉంచుకున్నారు, దాని పిల్లల్నే పెంచారు. చెప్పేదాకా ఆగే కుక్క అక్కడ పనికిరాదు.

నాకు కంగల్ గురించి తెలిసినవాటిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. బరువు మగదానికి 50 నుంచి 60 కిలోలు, ఎత్తు భుజం దగ్గర 70 సెంటీమీటర్ల పైన అనేది ఎవరైనా చెప్తారు. ఆ 60 కిలోలకి సొంత ఆలోచన ఉంటుందనే మాట మాత్రం ఏ రీల్‌లోనూ చెప్పరు.

అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన భార్య లోర్నా కలిసి 1970ల చివర్లో ఇలాంటి కుక్కల్ని యూరప్ నుంచి, టర్కీ నుంచి తెప్పించి రైతులకిచ్చారు, ఏళ్ళ తరబడి గమనించారు. మంద కాసే కుక్కలో వాళ్ళు చూడమన్న గుణాలు మూడు. మందను వదిలిపోకూడదు, మందకు తాను హాని చేయకూడదు, కొత్తదేదైనా వస్తే ఎదురు నిలబడాలి. ఈ మూడింటిలో కరవడం లేదు. నిజానికి ఈ కుక్కలు ఎక్కువగా చేసే పని రాత్రంతా మొరగడం, హద్దుల వెంట తిరిగి మూత్రంతో గుర్తు పెట్టడం, వచ్చినదానికీ మందకీ మధ్యలో నిలబడటం. చాలాసార్లు వ్యవహారం అక్కడే తెమిలిపోతుంది. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ దగ్గర మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవిలో నక్కలు పెంగ్విన్లని తినేస్తుంటే 2006 నుంచి ఇటలీ జాతి మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టారు. పెంగ్విన్లకి కుక్క కాపలా అంటే మా అమ్మ నమ్మలేదు, ఫొటో చూపించాల్సి వచ్చింది.

ఇదంతా చెప్తే తమ్ముడు ఒప్పుకున్నాడు. "అందుకే కదా తెద్దామంటున్నా" అన్నాడు.

అలాంటి కుక్క దగ్గర కాసేపు కూర్చుని చూడాలనిపించింది. మన చుట్టుపక్కల కంగల్ దొరకలేదు గానీ విజయవాడలో కకేసియన్ ఉందని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. పటమట వైపు వాళ్ళ చిన్నాన్నగారి ఇల్లు. మే నెల, మిట్టమధ్యాహ్నం. గేటు దగ్గర బెల్ కొట్టొద్దు, ఫోన్ చేయమని ముందే చెప్పారు. గేటు లోపల ఇంకో గేటు. ఒకటి వేశాక గానీ రెండోది తీయరు.

దాని పేరు సింబా. హాల్లో ఏసీ కింద గ్రానైట్ మీద పొట్ట ఆనించి పడుకుని ఉంది. తల ఒక్కటే చిన్నపాటి బిందెంత ఉంది. నన్ను ఒకసారి చూసి మళ్ళీ తల వాల్చేసింది. "చెయ్యి చాపకమ్మా. అది లేనట్టే కూర్చో" అన్నారు పెద్దాయన. కాసేపటికి అదే లేచి వచ్చి నా హ్యాండ్‌బ్యాగ్ వాసన చూసింది. చెప్పులు విప్పిన పాదాలు వాసన చూసింది. వెళ్ళి పడుకుంది. ఇంతేనా అనుకున్నాను.

ఆయన మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళారు. ఎదురు గోడ మీద పెళ్ళి ఫొటో ఉంటే చూద్దామని లేచాను. ఆ ఫొటో లోపలి గది గుమ్మం పక్కనే ఉంది. సింబా తొందరేమీ లేకుండా లేచింది. నాలుగడుగులు వేసి నాకూ గుమ్మానికీ మధ్యలో అడ్డంగా నిలబడింది. గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు, తోక కదలలేదు. నా మొహం వంక కూడా చూడలేదు, నా మోకాళ్ళ వైపు చూస్తోంది. నేను మెల్లగా వెనక్కొచ్చి కూర్చున్నాను. అది కూర్చోలేదు. పెద్దాయన గ్లాసుతో వచ్చి "ఫర్వాలేదురా, మనవాళ్ళే" అన్నారు. అయినా వెంటనే కదల్లేదు. నన్ను ఇంకాసేపు చూసి, అప్పుడు వెళ్ళి పడుకుంది.

"చూశావా? నా మాట విన్నది. కాకపోతే తను తేల్చుకున్నాకే వెళ్ళింది" అన్నారాయన. ఆ గొంతులో గర్వం ఉంది, అలసట కూడా ఉంది.

తర్వాత ఆయన చెప్పినవి నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. ఏడాదిన్నర దాకా అది వీధిలో అందరి ముద్దుల కుక్క. పిల్లలు దాని మీద పడి సెల్ఫీలు దిగేవారట. ఒక దసరాకి చుట్టాలొస్తే హాల్లోకి రానివ్వలేదు. ఈ జాతులు మెల్లగా ఎదుగుతాయి, రెండేళ్ళు దగ్గరపడుతుంటే గానీ అసలు స్వభావం బయటపడదు. అంటే మనం ముద్దుచేసిన పిల్లని చూసి పెద్దకుక్క ఎలా ఉంటుందో అంచనా వేయడం కుదరదు. ఆ దసరా తర్వాత పనిమనిషి మానేసింది. కొరియర్ అబ్బాయి పార్సిల్ గోడ మీద పెట్టి ఫోన్ చేస్తాడు. హైదరాబాదు నుంచి మనవలొస్తే సింబాని మేడ మీద గదిలో పెడతారు, అది తలుపు గీకుతూనే ఉంటుంది. ఆయనా భార్యా కలిసి ఊరికెళ్ళి రాత్రి నిద్ర చేసిన పెళ్ళి ఏదో ఆయనకి గుర్తు రావడం లేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు కాబట్టి జనరేటర్ కొన్నారు. దువ్వితే వచ్చే బొచ్చు గోతాంలోకి ఎత్తుతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో, మంచు కొండల కోసం రెండు పొరల బొచ్చు వేసుకుని పుట్టిన జీవం అది. బొచ్చు గొరిగించేస్తే పోలేదా అని అడిగాను. గొరిగితే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, మళ్ళీ సరిగా మొలుస్తుందన్న నమ్మకమూ లేదు, డాక్టరు వద్దన్నాడు అన్నారు.

"మళ్ళీ తెచ్చుకుంటారా?" అని అడిగాను. ఆయన సింబా చెవి వెనక గోకుతూ జవాబు చెప్పలేదు. అది మాత్రం కళ్ళు మూసుకుని ఆయన మోకాలి మీద బరువంతా వేసేసింది.

తమ్ముడి వాదన, కంగల్‌కి బొచ్చు పొట్టి, కకేసియన్ లాంటిది కాదని. అది నిజమే. కంగల్ పుట్టిల్లు టర్కీలో సివాస్ ప్రాంతం. చలికాలం గడ్డకట్టే చలి, వేసవిలో మంచి ఎండ. నమీబియాలో చీతా కన్సర్వేషన్ ఫండ్ వాళ్ళు 1994 నుంచి ఇదే రకం కుక్కల్ని రైతులకిస్తున్నారు. మేకలకి కాపలా ఉంటే రైతు చీతాని కాల్చకుండా ఉంటాడని. అక్కడ ఎండలు మనకేమీ తీసిపోవు. ఈ ముక్క వాడికి చెప్పడమే నా ఖర్మ, ఇక నమీబియా నమీబియా అని పాట అందుకున్నాడు. ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా తెలిసినవాళ్ళనే అడగాలనుకుని గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్ళాను.

ఓపీలో డాక్టరమ్మ "కుక్క ఏది?" అన్నారు. కుక్క ఇంకా లేదండీ, తెచ్చుకోవాలా వద్దా అని అడగడానికొచ్చాను అన్నాను. ఆవిడ నవ్వి, ముందున్న కేసులు చూసేదాకా కూర్చోమన్నారు. కూర్చోవడమే మంచిదైంది. ఒక లాబ్రడార్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చారు, రొప్పడం ఆగడం లేదు, నాలుక ముదురు ఎరుపు. తెనాలి వైపు నుంచి కారు డిక్కీలో తెచ్చారట. జ్వరం చూస్తే 106 పైన ఉంది. కుక్కకి మామూలుగా ఉండాల్సింది 101 నుంచి 102.5. నీళ్ళు పోస్తూ, ఫ్యాన్ పెట్టి, సెలైన్ ఎక్కించారు.

ఆ తర్వాత నా ప్రశ్నకి జవాబు చెప్పడం ఆవిడకి తేలికైంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి నాలుక మీద తడిని ఆరబెట్టుకుని చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే తడి ఆరుతుంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల గాలిలో తేమ ఉంటుంది, ఎంత రొప్పినా ఆరదు. నమీబియా ఎండ వేరు, మన ఉక్క వేరు. ఒంటి బరువు పెరిగే కొద్దీ లోపలి వేడి బయటికి పోవడం కష్టం. "అలాగని బతకదని చెప్పను. పగలంతా దట్టమైన నీడ, నీళ్ళ తొట్టి, గాలి ఆడే చోటు ఉంటే, పనంతా రాత్రిపూట చేస్తుంది కాబట్టి నెగ్గుకొస్తుంది. రేకుల షెడ్డు కింద గొలుసుకి కడితే మాత్రం నేను చెప్పక్కర్లేదు" అన్నారు. మాది రేకుల షెడ్డే.

మరి పెంపకం ఎలాగని అడిగాను. మనవాళ్ళు పెద్దజాతి పిల్లని తేగానే ఎముక బలానికని కాల్షియం సిరప్ పోస్తారు, గుడ్లు పెడతారు, బొద్దుగా ఉంటే మురిసిపోతారు. చిన్నపిల్లలో అక్కర్లేని కాల్షియాన్ని పేగు ఆపలేదు, అంతా లోపలికి పోతుంది, ఎముకలు వంకర తిరుగుతాయి. పెద్దజాతి పిల్ల పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగానే, మెల్లగా పెరగాలి. నున్నటి టైల్స్ మీద పరుగులు, మెట్లు ఎక్కించడం కూడా తగ్గించాలి. తల్లిదండ్రులకి రెండేళ్ళు నిండాక తుంటి ఎక్స్‌రే తీశారా అని అడగమన్నారు, తుంటి కీలు సరిగా కూర్చోని జబ్బు వంశంలో దిగుతుంది. ఇంకొకటి చెప్తుంటే ఆవిడ గొంతు మారింది. లోతైన ఛాతీ ఉన్న పెద్దకుక్కలకి పొట్ట గాలితో ఉబ్బి మెలిక పడుతుంది. వాంతికి తెగ ప్రయత్నిస్తుంది, నురగ తప్ప ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుస్తుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే పోతుంది. "ఇది రాత్రి పదకొండింటికి వస్తే మీ షెడ్డు నుంచి ఎక్కడికి తీసుకెళ్తారో ముందే అనుకోండి" అన్నారు. షెడ్డు నుంచి గన్నవరం అరవై కిలోమీటర్ల పైమాటే, మధ్యలో విజయవాడ దాటాలి. అరవై కిలోల కుక్కని ఎత్తి బండిలో వేయడానికి ఇద్దరు కావాలి. రాత్రిపూట షెడ్డులో ఉండేది తమ్ముడొక్కడే.

వచ్చేస్తుంటే ఆవిడే పిలిచి, గొర్రెలున్నాయన్నారు కదా, ఏ కుక్క పెట్టినా దానికి నట్టల మందు తప్పించొద్దు, పచ్చి గొర్రెతల, పేగులు వేయొద్దు అన్నారు. గొర్రె తల ఒక పక్కకి వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బు మా షెడ్డులో ఇదివరకు చూశాం. గొర్రె మెదడులో నీటితిత్తి పెరుగుతుంది, దానికి మూలం కుక్క పొట్టలో ఉండే బద్దెపురుగు. గుడ్లు కుక్క మలంతో పచ్చిక మీద పడతాయి, గొర్రె మేస్తుంది. చచ్చిన గొర్రె తలకాయ కుక్కకి వేస్తే చక్రం పూర్తయినట్టే. గొర్రెల్ని కాయడానికి తెచ్చిన కుక్కే జబ్బు అంటించగలదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఈలోగా తమ్ముడు ఊరుకోలేదు. ఆన్‌లైన్‌లో ఒకతన్ని పట్టాడు. కంగల్ పిల్ల, తల్లీతండ్రీ ఇంపోర్టెడ్, పేపర్లున్నాయి, ఫోన్‌పేలో అడ్వాన్స్ కొడితే కార్గోలో పంపిస్తాడు. పిల్ల వయసు ముప్పై అయిదు రోజులట. ఫోన్ నేను తీసుకున్నాను. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. నంబరు అడిగాను. పంపిస్తా మేడమ్ అన్నాడు. తల్లికుక్క పిల్లలకి పాలిస్తుండగా వీడియో కాల్‌లో చూపించమన్నాను. నెట్‌వర్క్ లేదన్నాడు. అమ్మకానికని, బ్రీడింగ్‌కని విదేశాల నుంచి కుక్కల్ని తేవడం మీద ఆంక్షలుంటే ఇంపోర్ట్ ఎలా అయిందని అడిగేసరికి "మీరు కొనేలా లేరు మేడమ్" అని పెట్టేశాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

పిల్ల వయసు గురించి అంత పట్టుబట్టడానికి కారణం రూలు ఒక్కటే కాదు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్లకి లోకం పరిచయమయ్యే కాలం. ఆ రోజుల్లో దేనితో కలిసి పెరిగితే దాన్ని తనవాళ్ళనుకుంటుంది. మంద కాసే కుక్కని అందుకే చిన్నప్పుడే గొర్రెల మధ్య పెడతారు. అయిదో వారంలో తల్లి నుంచి లాగేసి కార్గో డబ్బాలో వేస్తే దానికి మొదటి పరిచయం భయంతో.

చట్టం సంగతి ఇంకా గందరగోళం. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక లేఖ రాసింది. ఇరవై మూడు రకాల కుక్కల దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపమని. అందులో కంగల్ ఉంది, అక్బాష్ ఉంది, కకేసియన్, సెంట్రల్ ఏషియన్, రాట్‌వీలర్, కేన్ కోర్సో కూడా ఉన్నాయి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, ఆ వెంటనే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేశాయి, ఎవరినీ అడగకుండా ఇలా చేయడం కుదరదని. మే నెలలో కేంద్రం మళ్ళీ జనం అభిప్రాయాలు అడిగింది. నా బాధల్లా ఇది: పదేళ్ళకు పైగా బతికే జంతువు. మధ్యలో రూలు మారితే దాన్ని ఏం చేస్తాం? ఇక కరిస్తే సంగతి. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద, మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆర్నెల్ల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అది కాగితం మీద శిక్ష. మా చెక్క గట్టు మీంచి మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే కూలీలు నడిచి వెళ్తారు, ఆడవాళ్ళు, పక్కన పిల్లలు. కంగల్ లెక్కలో చీకట్లో గట్టు మీద నడిచేవాళ్ళంతా కొత్తవాళ్ళే. వాళ్ళకీ గొర్రెలకీ మధ్య నిలబడితే సరే. ఇంకో అడుగు ముందుకేయాలని అదే నిర్ణయించుకుంటే ఆపడానికి అక్కడ ఎవరుంటారు?

ఇది చెప్పినప్పుడు తమ్ముడు మొదటిసారి కాసేపు మాట్లాడలేదు.

మా పక్క చేలో ఒక కాపరి మంద కట్టాడు. కోతలైపోయిన చేలల్లో రాత్రిళ్ళు గొర్రెల్ని పడుకోబెడితే పెంట పడి నేలకి బలం, రైతు కాపరికి డబ్బో వడ్లో ఇస్తాడు. వల కట్టి మధ్యలో మంద, పక్కన మంచం, మంచం కింద కుక్క. అన్నీ చదివి, అంత దూరం తిరిగాక గానీ పక్క చేలో కుక్కని నేను సరిగా చూడలేదు. గోధుమ రంగు ఆడకుక్క, ఊళ్ళో ఏ వీధిలోనైనా కనపడే రకం. ఒక చెవి చీలి ఉంది.

"ఈ కుక్క మీ గొర్రెల్ని ఏమీ అనదా పెద్దాయనా?" అన్నాను.

"దానికేం తెలుసమ్మా గొర్రెలు వేరని? కళ్ళు తెరవక ముందు నుంచీ మందలోనే. చిన్నప్పుడు తల్లి చచ్చిపోతే గొర్రెపాలు పిండి పోశా" అన్నాడు.

నేను ఎన్ని పేజీలు చదివానో ఆ రెండు ముక్కల్లో అంతా ఉంది. ఇంకో విషయం కూడా చెప్పాడు. ఏడాది లోపు కుర్రతనంలో ఇదీ గొర్రెపిల్లల వెంటపడి చెవులు కొరికేదట, అప్పుడు మెడకి కర్ర వేలాడదీసి ముసలి పొట్టేళ్ళ మధ్య వదిలేశాడట. పొట్టేలు రెండుసార్లు కుమ్మితే బుద్ధొచ్చింది. ఈ కుర్రతనం ఏ జాతికైనా తప్పదని, కంగల్ కూడా ఆర్నెల్ల నుంచి ఏడాదిన్నర దాకా ఇలాగే చేస్తుందని నేను చదివే ఉన్నాను. పది కిలోల కుక్క చెవి కొరికితే చెవి పోతుంది. నలభై కిలోల పిల్లది ఆటకని మీద పడితే గొర్రెపిల్లే పోతుంది.

గుంపుగా ఊరకుక్కలొస్తే ఇదొక్కటీ ఆపుతుందా అని అడిగాను. "ఆపదమ్మా. ఇది మొరుగుద్ది, నేను లేస్తా, కర్ర తీస్తా" అన్నాడు. అదీ నిజాయితీ. విదేశాల్లో కూడా తోడేళ్ళ గుంపులున్న చోట ఒక్క కుక్కని నమ్ముకోరు, రెండు మూడు ఉంచుతారు. తమ్ముడు ఒక్క కంగల్ చాలనుకుంటున్నాడు, లెక్క అక్కడే తప్పింది.

అన్నీ విన్నాక వాడు తమిళనాడు జాతి రాజపాళయం కుక్క అన్నాడు, మళ్ళీ మన కొల్లేరు వైపు జొనంగి అన్నాడు. జొనంగి మన ఎండకి పుట్టిన కుక్కే, పొట్టి బొచ్చు, వేడికి నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. కాకపోతే వేట రక్తం ఎక్కువ, గొర్రెల మధ్య ఎలా ఉంటుందో నాకు అనుమానమే. రాజపాళయం ఇంటికీ తోటకీ మంచి కాపలా, తెల్లవాటిలో కొన్నింటికి చెవుడు వస్తుంది, కొనేముందు చప్పుడు చేసి చూసుకోవాలి.

చివరికి ముందు ఖర్చుపెట్టింది కుక్క మీద కాదు. ఫెన్సింగ్ కింద అడుగు లోతు తవ్వి మెష్ పాతించాం, బయట వైపు రాళ్ళు పేర్పించాం. పిల్లల దొడ్డిని షెడ్డు మధ్యలోకి మార్చాం, సోలార్ లైట్లు పెట్టాం. ఇదంతా అయినా కంగల్ పిల్ల ఖరీదులో సగం కాలేదు. కాపరి కుక్క వర్షాకాలంలో ఈనితే ఎనిమిది వారాలు ఆగి రెండు ఆడ కుక్కపిల్లల్ని తెచ్చాం. ముందు వారం వాటిని ఈనిన గొర్రెల పక్క గదిలో వెదురు తడిక అడ్డం పెట్టి ఉంచాం, వాసన అలవాటు కావాలని. కుక్కపిల్లల్ని చంపే పార్వో వైరస్‌కి టీకాలు వేయించాం, మూడో నెల నిండగానే రేబీస్ టీకా, ఏడాదికి మళ్ళీ. జులై 6న జూనోసిస్ దినానికి, అంటే జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినానికి, పశువుల ఆసుపత్రుల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు, కాపరి కుక్కని కూడా అప్పుడు తీసుకెళ్ళమని ఒప్పించాను. ఊరకుక్కలతో కొట్లాడే కుక్కకి టీకా లేకపోవడం నాకు కంగల్ కంటే ఎక్కువ టెన్షన్. గోమార్లకి మందు నెలనెలా, నట్టల మందు క్యాలెండర్ మీద రాసి పెట్టాం. కుక్కలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విషయంలో తమ్ముడికీ నాకూ ఇంకా పేచీ నడుస్తోంది. వాడికి కుక్కపిల్లలు కావాలి, ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అడిగారట.

రెంటిలో చిన్నది మందని వదలదు. పెద్దది మనిషి పిచ్చిది, తమ్ముడి బండి చప్పుడు వింటే గొర్రెల్ని వదిలేసి గేటుకి పరిగెత్తుతుంది. దాన్ని కాపలాకి లెక్కపెట్టొద్దని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాను. వాడు వినడం లేదు, అదే తెలివైనదంటాడు.

కంగల్ మాట పూర్తిగా పోలేదు. రెండేళ్ళయ్యాక పక్క నాలుగెకరాలు కౌలుకి తీసుకుని చుట్టూ గోడ కట్టిస్తే అప్పుడు మాట్లాడదామన్నాను. గోడ, చెట్ల నీడ, రాత్రిపూట ఇంకో మనిషి, తల్లిదండ్రుల ఎక్స్‌రేలు చూపించే పెంపకందారు, గట్టు మీద కూలీలకి వేరే దారి. ఇవన్నీ అయితే సగం డబ్బు నాదేనని కాగితం మీద రాసిచ్చాను. వాడు ఆ కాగితం షెడ్డు తలుపు వెనక అతికించాడు. పోయిన వారం వెళ్ళినప్పుడు గోడకి ఇటుకల కొటేషన్ దాని పక్కనే పిన్ చేసి ఉంది.